రెండు వేళ్ళు ముడుచుకున్నాక...

కీబోర్డు మీద పడి బతికేవాళ్ళలో రెండు జాతులున్నాయి. ఒకటి మనం, ఇంకొకటి పియానో వాయించేవాళ్ళు. మన కీబోర్డుకి నూటచిల్లర మీటలుంటే వాళ్ళదానికి 88. మన వేళ్ళు ఓ వారం మొరాయిస్తే సిక్ లీవ్ పెట్టేస్తాం. ఎవరో ఒకరు మన టికెట్లు తీసుకుని పని నడిపించేస్తారు. కాన్సర్ట్ పియానిస్టుకి ఆ సౌకర్యం లేదు. ఆ పది వేళ్ళే ఆయన ఉద్యోగం, ఆయన రెజ్యూమె, ఆయన పేరు. ఈ టపా కుడిచేతి రెండు వేళ్ళు ఉన్నట్టుండి మాట వినడం మానేసిన ఒక పియానిస్టు గురించి. పేరు లియోన్ ఫ్లైషర్, అమెరికా ఆయన. 1928లో పుట్టి 2020లో పోయారు.

ఈయన కథ మూడు ముక్కల్లో చాలా చోట్ల దొరుకుతుంది. గొప్ప పియానిస్టు, కుడిచెయ్యి పోయింది, ముప్ఫై ఏళ్ళ తర్వాత బొటాక్స్ ఇంజెక్షన్ పుణ్యమా అని మళ్ళీ రెండు చేతులతో వాయించాడు, శుభం. కింద "ఆశ వదులుకోకండి, పదిమందికి ఫార్వర్డ్ చెయ్యండి" అని ఒక నీతివాక్యం. నాకు ఈ వెర్షన్‌తో పేచీ ఉంది. ఇందులో ఆ ముప్ఫై ఏళ్ళు సినిమాలో ఇంటర్వెల్ లాగా అయిపోయాయి. లైట్లు వేస్తారు, మనం వెళ్ళి సమోసా తిని వస్తాం, వచ్చేసరికి హీరో లేచి నిలబడి ఉంటాడు. ఆ ఇంటర్వెల్లో ఆయన ఏం చేశారో చూస్తే, అసలు కెరీర్ అదేనేమో అనిపిస్తుంది. ఎందుకో చెప్తాను.

మొదట్నుంచీ వద్దాం.

ఫ్లైషర్ పుట్టింది శాన్‌ఫ్రాన్సిస్కోలో. తల్లిదండ్రులు తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన యూదులు. నాన్నది టోపీల వ్యాపారం. అమ్మ ఆశయాలు మాత్రం మన కార్పొరేట్ కాలేజీ తల్లిదండ్రులకి ఏమాత్రం తీసిపోవు. కొడుకు అయితే అమెరికాకి మొట్టమొదటి యూదు ప్రెసిడెంటు అవ్వాలి, లేకపోతే గొప్ప పియానిస్టు అవ్వాలి. (మన ఇంజనీరింగా మెడిసినా లాగే, మూడో ఆప్షన్ లేదు :)). నిజానికి మొదట పియానో పాఠాలు పెట్టించింది అన్నకి. అన్న పాఠం అవ్వగానే ఆటలకి పారిపోతే, తమ్ముడు వెళ్ళి ఆ పాఠం మొత్తం అప్పజెప్పినట్టు వాయించేసేవాడు. ఇంకేముంది, పాఠాలు తమ్ముడికి మారాయి. అప్పటికి వాడికి నాలుగేళ్ళు. ఎనిమిదేళ్ళకల్లా జనం ముందు కచేరీ చేశాడు.

ఆ రోజుల్లో ఆర్టుర్ ష్నాబెల్ అని ఒక మహానుభావుడు ఉండేవాడు. బీతోవెన్ రాసిన 32 పియానో సొనాటాలనూ మొట్టమొదట పూర్తిగా రికార్డు చేసినాయన (1932-35). హిట్లర్ వచ్చాక 1933లో జర్మనీ వదిలేశాడు. పదహారేళ్ళ లోపు పిల్లలకి పాఠం చెప్పనని ఆయన రూలు. అమెరికా వచ్చినప్పుడు ఒకరోజు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆల్‌ఫ్రెడ్ హెర్ట్జ్ అనే కండక్టర్ ఇంటికి భోజనానికి వెళ్ళాడు. ఆయన తింటూ ఉండగానే మన కుర్రాణ్ణి దొడ్డిదారిన ఇంట్లోకి తెచ్చి, పియానో ముందు కూర్చోబెట్టారు. భోజనాలయ్యాక తలుపులు తీస్తే ఎదురుగా తొమ్మిదేళ్ళ పిల్లాడు, వాయించడానికి రెడీగా. ష్నాబెల్ విన్నాడు, రూలు పక్కన పెట్టాడు. కానీ ఒక షరతు పెట్టాడు: నా దగ్గర నేర్చుకునేటప్పుడు కచేరీలు చెయ్యకూడదు. బాలమేధావి అని ఊరూరా తిప్పడం కుదరదన్నమాట. 1938లో అమ్మ, కొడుకు ఇటలీలోని కోమో సరస్సు దగ్గర ష్నాబెల్ ఉండే ఊరికి బయల్దేరారు. యుద్ధం ముంచుకొచ్చి ష్నాబెల్ అమెరికా చేరాక చదువు న్యూయార్క్‌లో సాగింది. మొత్తం పదేళ్ళు.

ఇక్కడ గురుపరంపర గురించి ఒక మాట చెప్పాలి. కర్ణాటక సంగీతంలో విద్వాంసులు తమ శిష్యపరంపరని త్యాగరాజ స్వామి దాకా లెక్క చెప్పుకోవడం మనకి తెలిసిందే. అటువైపు కూడా అచ్చం అలాంటిదే ఉంది. ఫ్లైషర్ గురువు ష్నాబెల్, ష్నాబెల్ గురువు లెషెటిట్స్కీ, ఆయన గురువు చెర్నీ, చెర్నీ గురువు సాక్షాత్తూ బీతోవెన్. మధ్యలో ముగ్గురంటే ముగ్గురే. త్యాగరాజు (1767-1847), బీతోవెన్ (1770-1827) సమకాలికులని గుర్తుచేసుకుంటే ఈ లెక్క మనకి ఇంకా బాగా అందుతుంది.

ష్నాబెల్ చెప్పే పద్ధతి చూడండి. ఒకరి పాఠం జరుగుతుంటే మిగతా శిష్యులంతా అక్కడే కూర్చుని వినాలి. మన భాషలో చెప్పాలంటే ఓపెన్ కోడ్ రివ్యూ. వేళ్ళ కసరత్తుల మీద ఆయనకి పెద్దగా మోజు లేదు. మీట నొక్కేముందే ఆ స్వరం లోపల వినపడాలి, ఎలా మోగాలో తెలియకుండా నొక్కితే అది యాక్సిడెంట్ కింద లెక్క - ఇదీ ఆయన సిద్ధాంతం. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

1944లో, పదహారేళ్ళకి, ఫ్లైషర్ న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌తో బ్రామ్స్ మొదటి కాన్సర్టో వాయించాడు. కండక్టర్ పియర్ మోంటూ. ఈ శతాబ్దానికే దొరికిన పియానిస్టు అని కుర్రాణ్ణి ఆకాశానికెత్తేశాడాయన. 1952లో బ్రస్సెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్ పోటీ గెలిచాడు. అది గెలిచిన మొదటి అమెరికన్ ఆయనే. యూరప్ వాళ్ళ సంగీతంలో యూరప్ వాళ్ళని వాళ్ళ ఇంట్లోనే ఓడించడం అప్పట్లో చిన్న విషయం కాదు. ఆ తర్వాత క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రా, దాని కండక్టర్ జార్జ్ సెల్. మహా కచ్చితమైన మనిషి, ఆర్కెస్ట్రాని గడియారంలా నడిపేవాడని పేరు. వీళ్ళిద్దరూ కలిసి బీతోవెన్ అయిదు కాన్సర్టోలు, బ్రామ్స్ రెండు కాన్సర్టోలు రికార్డు చేశారు. అరవై ఏళ్ళు దాటినా అవి ఇంకా అమ్ముడుపోతున్నాయి, ఇప్పటికీ ఆ రచనలకి మంచి రికార్డింగ్ ఏది అంటే వీటి పేర్లు చెప్పేవాళ్ళు బోలెడుమంది. 1959లో బాల్టిమోర్‌లోని పీబడీ కన్జర్వేటరీలో అధ్యాపకుడిగా కూడా చేరారు. ముప్ఫై దాటీదాటకుండానే కెరీర్ అంటే ఇలా ఉండాలి అన్నట్టు ఉంది ఆయన పరిస్థితి.

* * *

1964లో, 36 ఏళ్ళ వయసులో, కుడిచేతి నాలుగో వేలు, చిటికెన వేలు కాస్త బద్ధకిస్తున్నట్టు అనిపించాయి. ఇలాంటప్పుడు కష్టపడే మనిషి ఏం చేస్తాడు? ఇంకా కష్టపడతాడు. ఆయనా సాధన పెంచారు. పెంచినకొద్దీ ఆ రెండు వేళ్ళూ అరచేతిలోకి ముడుచుకుపోవడం మొదలుపెట్టాయి. కొన్ని నెలల్లో పియానో మీద చెయ్యి పెడితే చాలు, ఆ రెండూ పిడికిలి బిగించినట్టు లోపలికి వెళ్ళిపోయేవి.

పదిలో రెండే కదా, ఎనిమిది ఉన్నాయి కదా అనిపించొచ్చు. అక్కడే ఉంది తిరకాసు. పియానో సంగీతంలో ఎక్కువ భాగం పాట పైన ఉంటుంది, అంటే కుడివైపు చివర. ఆ చివర వాయించేది కుడిచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు. మిగతా వేళ్ళన్నీ ఆ పాటకి తోడు మోగేవే. చేతిలో అన్నిటికన్నా బలహీనమైన రెండు వేళ్ళ మీద మొత్తం పాట నిలబడి ఉంటుందన్నమాట. (సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అని మనం మీటింగుల్లో అరుస్తుంటాం కదా, అదే.) ఫ్లైషర్‌కి పోయినవి సరిగ్గా ఆ రెండే.

1965లో సెల్, క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రా అమెరికా ప్రభుత్వం తరఫున సోవియట్ యూనియన్ టూర్‌కి వెళ్ళారు. కోల్డ్ వార్ నడుస్తున్న రోజులు. అక్కడ సోలో వాయించాల్సింది ఫ్లైషర్. ఇంతకంటే పెద్ద ప్రాజెక్టు ఆ కాలంలో ఒక అమెరికన్ పియానిస్టుకి ఉండదు. ఆయన వెళ్ళలేకపోయారు.

ఆ తర్వాత వచ్చినవి చీకటి రోజులు. పెళ్ళి విచ్ఛిన్నమైంది. ఆత్మహత్య ఆలోచన దాకా వెళ్ళానని తర్వాత ఆయనే చెప్పుకున్నారు. జుట్టు, గడ్డం పెంచి స్కూటరు వేసుకుని తిరిగేవారట. డాక్టర్లు, ఇంజెక్షన్లు, మసాజులు, హిప్నోసిస్, ధ్యానం... ఎవరేం చెబితే అది చేశారు. ఎవరికీ రోగం పేరే తెలియలేదు. కొంతమంది ఇదంతా మానసికం అనేశారు. నాలుగు చోట్ల చూపించుకున్నా "రిపోర్టులన్నీ నార్మల్" అనిపించుకున్నవాళ్ళకి ఇది అర్థమవుతుంది.

కాస్త ముందుకెళ్ళి ఆ రోగమేంటో ఇక్కడే చెప్పేస్తాను. 1990ల మొదట్లో గానీ దానికి సరైన పేరు పెట్టలేదు: ఫోకల్ డిస్టోనియా. మనలో చాలామందికి వచ్చే మణికట్టు నొప్పి, కార్పల్ టనల్ లాంటి బాపతు కాదిది. ఇందులో సాధారణంగా నొప్పి ఉండదు. కండరాలు బాగుంటాయి, ఎముకలు బాగుంటాయి. మిగతా పనులకి చాలావరకు చెయ్యి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ ఏ పనిలో ఆ చేతిని లక్షసార్లు తోమారో ఆ పని దగ్గరే మొండికేస్తుంది. హార్డ్‌వేర్ బాగానే ఉంది, పాడైంది డ్రైవర్ అన్నమాట. మెదడులో ఒక్కో వేలికీ ఒక్కో జాగా ఉంటుంది. ఒకేరకం కదలికలు మితిమీరితే ఆ జాగాల మధ్య గట్లు చెరిగిపోతాయని శాస్త్రవేత్తల ఆలోచన. 1990ల్లో కోతుల చేత ఒకే పట్టు పదేపదే పట్టించి చూస్తే వాటి మెదడులో చేతి మ్యాపు అలాగే అలుక్కుపోయింది. గట్లు చెరిగాక ఒక వేలిని కదపమంటే పక్కవేలు కూడా లేస్తుంది. వృత్తి సంగీతకారుల్లో నూటికి ఒకరికి ఇది వస్తుందని అంచనా.

అంటే వేళ్ళు బద్ధకిస్తున్నాయని ఆయన సాధన పెంచడం నిప్పు మీద కిరోసిన్ పోసినట్టైంది. ఈ సంగతి ఆయనే తర్వాత గట్టిగా చెప్పేవారు. రోజుకి ఏడెనిమిది గంటలు బుర్ర పెట్టకుండా మీటలు బాదడమే నా కొంప ముంచింది, మీరు అలా చెయ్యకండి అని ప్రతి బ్యాచ్ శిష్యులకీ.

* * *

ఇప్పుడు ఇంటర్వెల్లోకి వద్దాం :)

కొంతకాలం అలా గడిచాక ఆయనకి ఒక విషయం తట్టిందట. తను ప్రేమించింది సంగీతాన్ని. రెండు చేతులతో పియానో వాయించడం దానికి ఒక దారి మాత్రమే. ఆ దారి మూసుకుపోయినంత మాత్రాన సంగీతం ఎక్కడికీ పోలేదు. వినడానికి ఇది పోస్టర్ మీద రాసే మాటలా ఉంటుంది. కానీ ఆయన దాన్ని పనిలో పెట్టారు, అదీ మూడు రకాలుగా.

మొదటిది ఎడమచెయ్యి. ఎడమచేతికోసమే రాసిన పియానో సంగీతం ఒకటుంది. దానికి ముఖ్య కారకుడు పాల్ విట్గెన్‌స్టైన్. ఆస్ట్రియా పియానిస్టు, తత్వవేత్త లుడ్విగ్ విట్గెన్‌స్టైన్‌కి అన్న. 1914లో యుద్ధంలో గాయపడి, రష్యన్లకి ఖైదీగా చిక్కి, కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. ఇంట్లో డబ్బుకి లోటు లేదు. యుద్ధం అయ్యాక అప్పటి మహా మహా స్వరకర్తలకి డబ్బిచ్చి ఒంటిచేతి రచనలు రాయించుకున్నాడు: రావెల్, ప్రొకోఫియెవ్, హిండెమిత్, బ్రిటెన్. అందరి రాతా ఆయనకి నచ్చలేదు. ప్రొకోఫియెవ్ రాసింది అర్థం కాలేదని వాయించనేలేదు. అది మొదటిసారి మోగింది 1956లో. వాయించిన సీగ్‌ఫ్రీడ్ రాప్ కూడా రెండో ప్రపంచయుద్ధంలో కుడిచెయ్యి కోల్పోయినవాడే.

ఒంటిచేత్తో నిండు పియానో ఎలా మోగుతుంది అని సందేహం రావచ్చు. ఎడమచేతిని పియానో మీద పెట్టి చూస్తే బొటనవేలు కుడివైపు, అంటే పాట ఉండే పైవైపు వస్తుంది. చేతిలో బలమైన వేలికి పాట దొరుకుతుంది. మిగతా నాలుగు వేళ్ళూ కిందకి దూకి మంద్రస్వరం కొట్టి, పెడల్‌తో దాన్ని మోగనిచ్చి, మళ్ళీ పైకి వస్తాయి. రావెల్ కాన్సర్టో కళ్ళు మూసుకుని వింటే ఒక చెయ్యి వాయిస్తోందని నమ్మబుద్ధి కాదు. ఫ్లైషర్ దశాబ్దాల పాటు ఈ రచనలని దేశదేశాల్లో వాయించారు. బాక్ వయొలిన్ కోసం రాసిన షకోన్‌ని బ్రామ్స్ 1877లో ఎడమచేతి పియానోకి మార్చి రాశాడు. కుడిచెయ్యి నొప్పితో ఉన్న క్లారా షూమన్ కోసం. ఫ్లైషర్ దాన్ని తన సొంత పాటలా చేసుకున్నారు. తర్వాత కొత్త రచనలు ఆయనకోసమే పుట్టాయి. గ్యారీ గ్రాఫ్‌మన్ అనే ఇంకో గొప్ప పియానిస్టుకీ 1970ల చివర్లో కుడిచెయ్యి ఇలాగే మొరాయించింది. 1996లో విలియం బోల్కమ్ వీళ్ళిద్దరికీ కలిపి ఒక తమాషా రాశాడు. ఒక్కొక్కరికీ ఒక్కో ఎడమచేతి కాన్సర్టో, రెండింటినీ ఒకేసారి వాయిస్తే మూడో కాన్సర్టో అవుతుంది. మాడ్యులర్ డిజైన్ అంటే ఇదీ!

రెండోది కండక్టింగ్. 1960ల చివర్లో వాషింగ్టన్‌లో థియేటర్ ఛేంబర్ ప్లేయర్స్ అనే బృందం మొదలుపెట్టడంలో ఆయన చెయ్యి ఉంది. 1970లో అనాపొలిస్ అనే చిన్న ఊరి ఆర్కెస్ట్రా బాధ్యత తీసుకున్నారు. క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో వాయించిన మనిషి వెళ్ళి చిన్న ఊళ్ళో మొదటినుంచి నేర్చుకున్నారు. 1973లో బాల్టిమోర్ సింఫనీలో అసోసియేట్ కండక్టర్. 1986 నుంచి 1997 దాకా టాంగిల్‌వుడ్ సంగీత కేంద్రానికి ఆర్టిస్టిక్ డైరెక్టర్.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది, పాఠం చెప్పడం. చెయ్యి బాగున్న రోజుల్లోనూ ఆయన టీచరే. అప్పుడు పని సులువు. శిష్యుడు తప్పు వాయిస్తే "కాస్త లే నాయనా" అని పక్కకి నెట్టి, కూర్చుని వాయించి చూపించేసేవారు. "ఇదిగో ఇలా" అంటే సరిపోయేది. ఇది ఎక్కడో చూసినట్టు లేదూ? జూనియర్ ఇరుక్కుంటే "జరుగు, నేను చేసి చూపిస్తా" అని కీబోర్డు లాక్కునే లీడ్ మన ప్రతి ఫ్లోర్లోనూ ఉంటాడు. బగ్ అయిదు నిమిషాల్లో పోతుంది. జూనియర్‌కి వచ్చింది మాత్రం ఏమీ ఉండదు, ఆయన వేళ్ళు ఎంత వేగంగా కదిలాయో చూడటం తప్ప.

1965 తర్వాత ఫ్లైషర్‌కి ఆ అవకాశం లేదు. చూపించడానికి చెయ్యి లేదు. తనకి లోపల ఏం వినిపిస్తోందో మాటల్లో చెప్పాలి. ఈ స్వరం ఇక్కడ ఎందుకు ఆగాలి, ఆ పదబంధం ఎటు నడవాలి, దాని బరువు ఎక్కడ పడాలి... వేళ్ళు చేసేసే పనిని విడదీసి, పేరు పెట్టి, ఇంకొకరి బుర్రలోకి ఎక్కించాలి. దీనివల్లే నేను మంచి టీచర్ని అయ్యానని ఆయనే చెప్పారు. చూపించి నేర్పితే శిష్యుడు గురువుకి నకలు అవుతాడు. చెప్పి నేర్పితే వాడు తన సొంతంగా వెతుక్కోవాలి.

ఆయన చెప్పే ఒక సూత్రం నాకు మహా ఇష్టం. వాయించేవాడు ఏకకాలంలో ముగ్గురు మనుషులుగా ఉండాలట. 'ఎ' అనేవాడు మీట నొక్కేముందే అది ఎలా మోగాలో లోపల వింటాడు. 'బి' అనేవాడు నొక్కుతాడు. 'సి' అనేవాడు దూరంగా కూర్చుని బయటికి వచ్చింది వింటాడు, ఎ అనుకున్నదానికీ వచ్చినదానికీ తేడా ఉంటే బి కి చెప్తాడు. ఇది ముగ్గురూ ఆగకుండా చేస్తూనే ఉండాలి. కంట్రోల్ సిస్టమ్స్ పేపర్ రాసి పాసైన ఎవరికైనా ఇది ఫీడ్‌బ్యాక్ లూప్ అని వెంటనే తెలుస్తుంది. ష్నాబెల్ దగ్గర విన్న "ముందు వినపడాలి" అన్న ముక్కే ఇది, ఇంకాస్త విడమర్చి. ఇప్పుడు ఆయన పరిస్థితి దీనికి అన్వయించి చూడండి. పోయింది బి లో సగం. ఎ, సి ఇద్దరూ చెక్కుచెదరలేదు. పాఠం చెప్పడానికి కావాల్సింది ఆ ఇద్దరే.

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఆండ్రే వాట్స్, యెఫిమ్ బ్రాన్ఫ్‌మన్, ఎలెన్ గ్రిమో, లూయీ లోర్టీ, జోనథన్ బిస్... పియానో వినే అలవాటున్నవాళ్ళకి ఈ పేర్లు పరిచయం చెయ్యక్కర్లేదు. వీళ్ళలో ఒకరి వాయింపు ఇంకొకరిలా ఉండదు. పైన చెప్పిన గ్రాఫ్‌మన్ కూడా కర్టిస్ ఇన్‌స్టిట్యూట్‌లో టీచరుగా, డైరెక్టరుగా స్థిరపడ్డారు. లాంగ్ లాంగ్, యూజా వాంగ్ ఆయన శిష్యులే. కుడిచేతులు పోగొట్టుకున్న ఇద్దరు మనుషుల పాఠం తర్వాతి తరం వేదికల మీద ఎంత దూరం వెళ్ళిందో చూడండి.

* * *

1982 సంగతి చెప్పకపోతే కథ పూర్తికాదు. అంతకుముందు ఏడాది ఆయన మణికట్టుకి కార్పల్ టనల్ ఆపరేషన్ చేశారు. కొంచెం మెరుగనిపించింది. 1982 సెప్టెంబర్లో బాల్టిమోర్‌లో మేయర్‌హాఫ్ హాలు ప్రారంభోత్సవం, టీవీ కెమెరాలు, రెండు చేతులతో ఫ్లైషర్ పునరాగమనం! ఫ్రాంక్ రాసిన సింఫనిక్ వేరియేషన్స్ వాయించారు. జనం లేచి నిలబడి చప్పట్లు. పత్రికలు పొగిడాయి. శుభం కార్డు వెయ్యడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

కానీ 'సి' ఒప్పుకోలేదు. చెయ్యి బాగవ్వలేదని, ఆ రాత్రి ఏదోలా నెట్టుకొచ్చానని ఆయనకి తెలుసు. హాలంతా బాగుందన్నా, ఆయన మళ్ళీ ఎడమచేతికీ పాఠాలకీ వెళ్ళిపోయారు. డెమో సక్సెస్ అయింది, క్లయింటు చప్పట్లు కొట్టాడు, లోపల ఏం హార్డ్‌కోడ్ చేశామో మనకి తెలుసు. అప్పుడు "ఇది రిలీజ్‌కి పనికిరాదు" అని మనంతట మనం చెప్పగలమా? నాకైతే ఆయన జీవితంలో అన్నిటికన్నా ధైర్యమైన రోజు అదే అనిపిస్తుంది.

అసలు ఉపశమనం 1990ల మధ్యలో వచ్చింది. బొటాక్స్ అంటే మనకి ముఖం మీద ముడతలే గుర్తొస్తాయి గానీ, అది చేసే పని నరం నుంచి కండరానికి వెళ్ళే సందేశాన్ని అడ్డుకోవడం. వేళ్ళని లోపలికి లాగే కండరాన్ని కాస్త బలహీనపరిస్తే వేళ్ళు తెరుచుకునే వీలు కలుగుతుంది. దానికి తోడు రోల్ఫింగ్ అనే లోతైన మర్దన. ఇది నయం చెయ్యడం కాదు. కొన్ని నెలలకి మందు ప్రభావం పోతుంది, మళ్ళీ వేయించుకోవాలి. రూట్ కాజ్ అలాగే ఉంటుంది, మనం పెట్టింది వర్క్‌అరౌండ్. 1995లో ఆయన క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతోనే రెండు చేతులతో మోజార్ట్ కాన్సర్టో వాయించారు. 2004లో 'టూ హ్యాండ్స్' అనే ఆల్బమ్ వచ్చింది. నలభై ఏళ్ళ తర్వాత రెండు చేతుల సోలో రికార్డింగ్. 2006లో అదే పేరుతో తీసిన డాక్యుమెంటరీ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. 2007లో కెనడీ సెంటర్ గౌరవం. (ఇరాక్ యుద్ధం చేస్తున్న ప్రెసిడెంటు సమక్షంలో ఆ సత్కారం తీసుకోవడం తనకి ఎంత ఇబ్బందిగా ఉందో పేపర్లో వ్యాసం రాసి మరీ చెప్పారు.)

ఇప్పుడు ఫార్వర్డ్ వెర్షన్‌తో నా పేచీకి అసలు సాక్ష్యం. హిండెమిత్ 1923లో విట్గెన్‌స్టైన్‌కి ఒక ఎడమచేతి రచన రాసిచ్చాడు. ఆయనకి నచ్చక దాచేశాడు. దాదాపు ఎనభై ఏళ్ళు ఎవరూ వినలేదు. చివరికి ఆయన భార్య పోయిన తర్వాత కాగితాల్లో బయటపడింది. 2004 డిసెంబర్లో బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌తో దాన్ని మొట్టమొదట వాయించింది ఎవరనుకున్నారు? ఫ్లైషర్. అప్పటికి ఆయనకి 76 ఏళ్ళు, కుడిచెయ్యి తిరిగి వచ్చి తొమ్మిదేళ్ళు. 2014లో వచ్చిన ఆల్బమ్‌లోనూ బ్రామ్స్ ఎడమచేతి షకోన్ ఉంది. ఎడమచేతి సంగీతం ఆయనకి గతిలేక పట్టుకున్న స్టెప్నీ అయితే, అసలు చక్రం దొరికాక పక్కన పడేసేవారు కదా! పాఠాలూ అంతే. 1959లో పీబడీలో మొదలైన పాఠాలు అరవై ఏళ్ళు దాటి సాగాయి. 2020లో కోవిడ్ రోజుల్లో, 92వ ఏట, ఆన్‌లైన్‌లో క్లాసులు చెప్తూనే ఉన్నారు. ఆ ఆగస్టు 2న బాల్టిమోర్‌లో పోయారు.

* * *

ఈ కథ మన ఫీల్డు వాళ్ళకి ఎందుకు అంటే, ఇప్పుడు మన అందరి బుర్రల్లోనూ తిరుగుతున్న భయం ఒకటుంది. పదేళ్ళు రుద్ది రుద్ది నేర్చుకున్న టైపు కోడ్‌ని ఒక మెషీన్ అరనిమిషంలో రాసి అవతల పడేస్తోంది. మన వేళ్ళు ముడుచుకోలేదు గానీ, వాటి రేటు మాత్రం పడిపోతోంది. "ఏం కాదులే, అంతా మన మంచికే" అని నేను చెప్పను. ఫ్లైషర్ కూడా ఎప్పుడూ అలా చెప్పలేదు. పోయినదాన్ని తలుచుకుని బాధపడ్డారు, ముప్ఫై ఏళ్ళూ ఆ చెయ్యి బాగవ్వడానికి మందు వెతుకుతూనే ఉన్నారు.

నేను అడిగేది చిన్న ప్రశ్న. మన పనిలో 'బి' ఎంత, 'ఎ', 'సి' ఎంత? రాయకముందే అది ఎలా ఉండాలో మన బుర్రలో ఉంటోందా? వచ్చినదాన్ని దూరంగా కూర్చుని నిజాయితీగా చూసి, పది మంది చప్పట్లు కొట్టినా "ఇది కాదు" అనగలుగుతున్నామా? మనకి తెలిసింది పక్కవాడి కీబోర్డు ముట్టుకోకుండా వాడికి చెప్పగలమా? చివరిది మాత్రం రేపే టెస్ట్ చేసి చూడొచ్చు. ఎవరైనా డౌటు అడగటానికి వస్తే రెండు చేతులూ జేబులో పెట్టుకుని, నోటితో మాత్రమే చెప్పండి. మొదటి పది నిమిషాలు నరకంలా ఉంటుంది. మనకి తెలుసనుకున్నవాటిలో ఎన్ని నిజంగా తెలుసో కూడా అప్పుడే బయటపడుతుంది.

వినాలనిపించిన వాళ్ళకి నా సలహా. 1958లో సెల్‌తో రికార్డు చేసిన బ్రామ్స్ మొదటి కాన్సర్టోతో మొదలుపెట్టండి, ముప్ఫై ఏళ్ళ కుర్రతనం పొగరు వినిపిస్తుంది. తర్వాత 2004 ఆల్బమ్‌లో షూబర్ట్ బి ఫ్లాట్ సొనాటా వినండి. వేగం లేదు, ఆర్భాటం లేదు. ఒక్కో స్వరాన్నీ ముందు లోపల విని, ఆ తర్వాతే బయటికి వదిలినట్టు ఉంటుంది. రెండింటి మధ్యా నలభై ఆరేళ్ళున్నాయి. ఆఫీసు క్యాబ్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినేకన్నా, ఆదివారం పొద్దున్న ఇంట్లో వినండి.